పాత లాడ్జా, కొత్త హోటలా, ఊళ్లో ఇల్లా? నెల్లూరు, ఒంగోలు వైపు వచ్చేవాళ్లు బస ఎంచుకునే పద్ధతి

నెల్లూరుకో ఒంగోలుకో ఎవరు వస్తున్నా నాకు ముందుగా వచ్చే ఫోన్ ఒకటే, "ఎక్కడ దిగితే బాగుంటుంది?" అని. మా ఇంట్లో దిగండి అంటే మొహమాటం. సరే, ఎలాంటిది కావాలి అంటే "ఊరి వాతావరణం ఉట్టిపడాలి, మళ్లీ ఏసీ, లిఫ్టు, వైఫై, ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లు ఉండాలి" అంటారు. రెండూ ఒకే చోట దొరికితే ఇంకేం కావాలి, కానీ మన వైపు అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఏది, ఎప్పుడు వదులుకోవాలో నేను ఎవరికైనా చెప్పే వరస ఇక్కడ రాసిపెడుతున్నా. ఉదాహరణలు మన రెండు జిల్లాలవే గానీ పద్ధతి ఏ ఊరికైనా పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. గది లోపలి అలంకారానికి డబ్బు పెట్టొద్దు. తలుపు తీసి బయటికి అడుగుపెడితే ఎదురుగా ఏముంటుందో దానికి పెట్టండి. ట్రంకు రోడ్డు పక్కన మూడో అంతస్తులో ఎడ్లబండి చక్రం, ఇత్తడి బిందెలు, గోడకు ముగ్గు స్టిక్కరు పెట్టి "విలేజ్ థీమ్" అంటే అది పల్లెటూరు కాదు, ఎక్కువ రేటు ఉన్న మామూలు గది. అదే సముద్రం ఒడ్డునో, గుడి వీధిలోనో, చెరువు గట్టు పక్కన ఊళ్లోనో అయితే ఏసీ లేకపోయినా, బాత్‌రూం బయట ఉన్నా సర్దుకోవచ్చు, ఎందుకంటే అక్కడ మీరు కొనేది ఆ ఊరిని. టౌన్‌లో మాత్రం శుభ్రమైన, సౌకర్యంగా ఉన్న మామూలు గది తీసుకుని ఊరి రుచిని రోడ్డు మీద వెతుక్కోవడమే మేలు.

మొదటి మెట్టు: తెల్లవారుజామున ఎక్కడ ఉండాలో తేల్చుకోండి

అందరూ చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుంటారు. అది పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ప్రయాణంలో పొద్దున ఐదున్నరకు నేను ఎక్కడ ఉంటే బాగుంటుంది? బసను తేల్చేది ఈ జవాబే.

ఉదాహరణకు ఉదయగిరి కోట. ఎండెక్కాక ఎక్కితే నరకమే, మన వేసవి సంగతి చెప్పక్కర్లేదు కదా. నెల్లూరులో మంచి హోటల్ తీసుకుని తొమ్మిదింటికి ఇడ్లీ, వడ, పొంగల్ అన్నీ లాగించి బయల్దేరితే కోట కిందకు చేరేసరికి సూర్యుడు నెత్తిన ఉంటాడు. కాబట్టి ముందు రోజు రాత్రే ఆ చుట్టుపక్కల ఏ చిన్న లాడ్జిలోనైనా దిగండి. గది ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఆ గదిలో మీరు ఉండేది ఆరేడు గంటలు, అందులోనూ నిద్రే ఎక్కువ. కోట దిగి వచ్చేటప్పుడు ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ల దగ్గర ఆగడానికి కూడా తీరిక దొరుకుతుంది.

పులికాట్, నేలపట్టు కూడా అంతే. 2022లో జిల్లాలు విడగొట్టాక అవి తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ పక్షులు చూడటానికి వచ్చేవాళ్లు ఇప్పటికీ నెల్లూరులోనే గది వెతుకుతారు. వద్దు. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉండే ఆ సీజన్‌లో గూడబాతులనూ రాజహంసలనూ చూడాలంటే పొద్దున్నే అక్కడ ఉండాలి, సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో దిగితే సుఖం.

మాలకొండకు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఆ గుడి శనివారమే తెరుస్తారు. అంటే శుక్రవారం రాత్రి దగ్గర ఊళ్లో గది అడిగేది మీరొక్కరే కాదు. గొలగమూడికైతే లెక్కే వేరు. వెంకయ్య స్వామి ఆశ్రమంలో శనివారం రాత్రి నిద్ర చేయడమే మొక్కు, కాబట్టి అక్కడ హోటల్ గురించి ఆలోచించడమే అనవసరం, దుప్పటి తీసుకెళ్లండి చాలు. జొన్నవాడ కామాక్షమ్మ దగ్గర నిద్ర చేసే మొక్కు ఉన్నవాళ్లకూ ఇదే మాట.

ఒకవేళ మీకు పొద్దున ఐదున్నరకు ఎక్కడా ఉండక్కర్లేదు, పెళ్లికో, ఆఫీసు పని మీదో, నెల్లూరు పోగతోట ఆసుపత్రికో వస్తున్నారు అనుకోండి, అప్పుడు ఊరి వాతావరణం గొడవే వద్దు. పనికి దగ్గరగా, లిఫ్టు ఉన్న కొత్త హోటల్ చూసుకోండి. ఇంకేం చదవక్కర్లేదు, ఆరో మెట్టుకు వెళ్లిపోండి.

రెండో మెట్టు: మీతో ఎవరు వస్తున్నారు?

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మనో అత్తయ్యనో తీసుకొస్తుంటే నిర్ణయం ఆవిడదే. పాత లాడ్జిల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, ఇప్పటికీ కొన్నిట్లో నేల మీద కూర్చునే లెట్రిన్లే. ఫోన్‌లో అడగాల్సిన మొదటి ముక్క "వెస్టర్న్ ఉందా?" అనేదే. కింద అంతస్తులో గది ఇస్తామంటే మిగతా లోపాలు సగం మాఫీ.

చంటిపిల్లలుంటే ఫ్రిజ్, కెటిల్, దోమల మెష్, ఈ వరసలో చూసుకోండి. కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి వస్తుంటే డార్మిటరీ లాంటి పెద్ద గది ఇచ్చే పాత లాడ్జిలే మేలు, కొత్త హోటళ్లలో గదికి ముగ్గురికి మించి ఒప్పుకోరు, ఎక్స్‌ట్రా బెడ్ పేరుతో ఇంకో గది రేటంత అడుగుతారు.

అమెరికా నుంచి పిల్లలతో వచ్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు దిగితే హోటల్‌వాళ్లు ఆ వివరాలు 24 గంటల్లోపు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి. పెద్ద హోటళ్లకు అది రోజూ చేసే పని. చిన్న లాడ్జివాళ్లకు ఆ గొడవ తెలియదు, తెలిసినా మనకెందుకులే అని "రూములు లేవు సార్" అనేస్తారు. రాత్రి పదింటికి పిల్లలతో రిసెప్షన్ దగ్గర నిలబడి ఆ మాట వినడం కంటే ముందే ఫోన్ చేసి "పిల్లలకు అమెరికా పాస్‌పోర్టులు, ఫర్వాలేదా?" అని అడగడం నయం. పెళ్లికాని జంటలైతే అలా దిగకూడదని చట్టమేమీ లేదు గానీ పాత లాడ్జి మేనేజర్‌తో చట్టం మాట్లాడి లాభం లేదు. లోకల్ ఆధార్ ఉంటే గది ఇవ్వని చోట్లు కూడా ఉన్నాయి. ఇవన్నీ ముందే అడిగేయండి.

మూడో మెట్టు: మన వైపు ఏమేం దొరుకుతాయో తెలుసుకోండి

ముందు పాత లాడ్జి. బస్టాండుల చుట్టూ, స్టేషన్ రోడ్లలో, గాంధీబొమ్మ సెంటర్ లాంటి చోట్ల ఉంటాయి. నిజం చెప్పాలంటే నాకు వీటి మీద కొంచెం అభిమానం. ఎత్తైన సీలింగు, వరండాలో సిమెంటు జాలీ, ఎర్ర ఆక్సైడ్ నేల, కౌంటర్ వెనక వరసగా వేలాడే తాళాలు, పొద్దున్నే ఫ్లాస్కుతో కాఫీ తెచ్చిపెట్టే రూంబాయ్ (వయసు అరవై ఉన్నా ఆయన రూంబాయే). ఊళ్లో ఏ మెస్‌లో ఏ రోజు చేపల పులుసు బాగుంటుందో, జొన్నవాడకు బస్సు ఎక్కడాగుతుందో ఆయనకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు. కానీ పాతది అన్నంత మాత్రాన మంచిది కాదు. ఓనరు రోజూ వచ్చి కౌంటర్లో కూర్చునే లాడ్జి శుభ్రంగా ఉంటుంది, లీజుకిచ్చి ఓనరు హైదరాబాద్‌లో ఉంటున్న లాడ్జి ఏడాదికే పాడవుతుంది. ఓనరు ఉన్నాడా అని అడిగితే తప్పేం కాదు.

తర్వాత అద్దాల హోటల్. బయట నీలం గ్లాసు, లోపల గ్రానైట్ (ప్రకాశం జిల్లాలో చీమకుర్తి పక్కనే ఉండగా గ్రానైటుకేం కొదవ), లాబీలో సోఫా, పైన బాంక్వెట్ హాలు. నెల్లూరులో మాగుంట లేఅవుట్, మినీ బైపాస్, ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు ఇవే ఎక్కువ. వీటిలో చూడాల్సింది అద్దం కాదు, కట్టి ఎన్నేళ్లయింది, మెయింటెనెన్స్ ఎలా ఉంది అని. ఇలాంటి ఒక హోటల్లో మావాళ్లను దింపితే రెండు రోజులూ లిఫ్టు "సర్వీసింగ్"లోనే ఉంది, మా పెద్దమ్మ నాలుగో అంతస్తు ఎక్కుతూ తిట్టిన తిట్లు ఆ అంతస్తు అంతా వినపడ్డాయి. పైగా బాంక్వెట్ హాల్లో పెళ్లి ఉంటే డీజే అర్ధరాత్రి దాకా. మాఘ, శ్రావణ మాసాల్లో వస్తుంటే హాలుకు రెండంతస్తుల దూరంలో గది అడగండి.

హైవే హోటళ్లు కారులో వెళ్లేవాళ్లకు. చెన్నై, విజయవాడ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒక రాత్రి ఆగాలంటే ఊళ్లోకి పోయి ట్రాఫిక్‌లో చిక్కుకునే బదులు ఇవే నయం, వెనక వైపు గది తీసుకోండి, ముందు వైపు అయితే తెల్లవార్లూ లారీ హారన్లే.

దేవస్థానం గదులూ సత్రాలూ పెంచలకోన లాంటి చోట్ల ఉంటాయి. తక్కువ ధర, పెద్ద హంగులుండవు. కానీ కొండ కింద, అడవి అంచున, పొద్దున్నే గుడి మైకు వింటూ లేవడం ఏ రిసార్టులోనూ దొరకదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు కొన్ని చోట్ల గది ఇవ్వరు, కులాల పేరుతో ఉన్న సత్రాల్లో వాళ్ల నియమాలు వాళ్లకుంటాయి. కనుక్కుని వెళ్లండి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలు జరిగేటప్పుడు గది దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

సముద్రం వైపు మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం ఉన్నాయి, కాస్త పైకి వెళ్తే ఓడరేవు, రామాపురం రిసార్టులు. ఈ చివరి రెండూ ఇప్పుడు బాపట్ల జిల్లా అయినా చీరాల మనదేనన్న ధోరణి ఒంగోలు వాళ్లలో పోలేదు. బీచ్ పక్కన గది తీసుకుంటే శని, ఆదివారాలు తప్పించండి. శనివారం రాత్రి అక్కడ సముద్రం కంటే స్పీకర్ల మోతే ఎక్కువ. మంగళవారం, బుధవారం వెళ్లి చూడండి, అదే రిసార్టు, రేటు తక్కువ, ఎదురుగా వలలు లాగేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. టూరిజం శాఖ హరిత హోటళ్లకు స్థలాలు మాత్రం అద్భుతంగా ఉంటాయి, నిర్వహణ ఎలా ఉందో అప్పటికప్పుడు కనుక్కోవాల్సిందే.

ఇక ఊళ్లో ఇల్లు. మన రెండు జిల్లాల్లో కేరళలాగా హోమ్‌స్టేలు ఇంకా పెద్దగా రాలేదు. కానీ తెలిసినవాళ్ల తోటలో, రొయ్యల చెరువుల దగ్గరి గెస్ట్‌హౌస్‌లో, ఖాళీగా ఉన్న మండువా ఇంట్లో ఒక రాత్రి ఉండనిస్తారు. డబ్బు తీసుకోరు. కాబట్టి వెళ్లేటప్పుడు పళ్లో, స్వీట్లో, పిల్లలకు ఏదైనా పట్టుకెళ్లండి, వండిపెట్టిన ఆవిడకు వచ్చేటప్పుడు చీర పెట్టినా బాగుంటుంది. పొద్దున్నే గేదెల దగ్గర పాలు, పెరట్లో నీళ్ల పొయ్యి, మధ్యాహ్నం కంచంలో నిన్నటి చేపల పులుసు. మామిడికాయ వేసి మట్టికుండలో చేసిన పులుసు మర్నాటికే రుచి అని నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ హోటల్‌వాళ్లు మీకు ఆ మర్నాడు ఇవ్వలేరు కదా.

నాలుగో మెట్టు: తేదీ చూసుకోండి

మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోవడానికి వేరే రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. ఆ ఐదు రోజులూ ఊళ్లో గది దొరకడం గగనం, దొరికినా రేటు మామూలు రేటు కాదు. చాంద్రమాన క్యాలెండర్ కాబట్టి ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, పోయినసారి తేదీని పట్టుకుని లెక్కేయకండి. పండుగకే వస్తుంటే నెలా రెండు నెలల ముందే మాట్లాడుకోండి, కాకపోతే కావలిలోనో గూడూరులోనో దిగి రైల్లో రండి.

ఒంగోలులో ఆన్‌లైన్ పోటీ పరీక్షలున్నప్పుడు ముందు రోజు సాయంత్రం లాడ్జిలన్నీ పిల్లలూ తండ్రులతో నిండిపోతాయి. శ్రీహరికోటలో ప్రయోగం ఉంటే సూళ్లూరుపేటలోనూ అదే పరిస్థితి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, తుఫాన్లు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర హైవే, రైల్వే లైను రెండూ దెబ్బతిని రాకపోకలు ఆగాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ నెలల్లో బీచ్ రిసార్టుకు ముందే డబ్బు కట్టేయకండి, క్యాన్సిల్ చేస్తే తిరిగొచ్చే బుకింగే చేసుకోండి. అప్పుడు ఊళ్లో, ఎత్తుమీద, జనరేటర్ ఉన్న కొత్త హోటలే సరైనది.

ఐదో మెట్టు: ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు

యాప్‌లో "త్రీ స్టార్" అని కనిపించేదంతా ప్రభుత్వం ఇచ్చిన స్టారు కాదు. కేంద్ర పర్యాటక శాఖ హోటళ్లకు తనిఖీ చేసి ఇచ్చే వర్గీకరణ వేరు, అది ఐదేళ్లకు ఇస్తారు, తీసుకోవడం హోటల్ ఇష్టం. యాప్‌లోని స్టారు చాలాసార్లు హోటల్‌వాళ్లు చెప్పుకున్నదే. "హెరిటేజ్" అన్న మాటకూ అంతే. పర్యాటక శాఖ లెక్కలో హెరిటేజ్ హోటల్ అంటే 1950కి ముందు కట్టిన కోట, హవేలీ, బంగళా లాంటిది అయి ఉండాలి. నిన్న కట్టిన బిల్డింగుకు పాత తలుపులు బిగిస్తే హెరిటేజ్ అవదు.

రివ్యూల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, ఐదు స్టార్లవీ ఒక స్టారువీ వదిలేసి మధ్యలోవి చదవండి. "నైస్ స్టే", "గుడ్ సర్వీస్" అన్నవి దండగ. దోమలు, నీళ్లు, వాసన, చప్పుడు, పార్కింగ్, ఈ మాటలు వచ్చిన చోట ఆగండి. ఫోటోల్లో హోటల్‌వాళ్లు పెట్టినవి కాకుండా దిగినవాళ్లు పెట్టినవి, అందులోనూ బాత్‌రూం ఫోటోలు చూడండి. బాత్‌రూం ఫోటో ఒక్కటి కూడా లేదంటే అది కూడా ఒక సమాచారమే.

ఆరో మెట్టు: ఫోన్ చేయండి

యాప్‌లో చూసినా సరే, ఫోన్ చేయకుండా డబ్బు కట్టొద్దు. మాట్లాడే తీరు ఇలా ఉంటే చాలు:

"అన్నా, రేపు రూములున్నాయా?"

"ఉన్నాయన్నా. ఏసీనా, నాన్ ఏసీనా?"

"ఏసీ. రైలు తెల్లారుజామున నాలుగింటికి. చెకౌట్ ఎట్లా మీది?"

"ట్వంటీఫోర్ అవర్స్ అన్నా. ఎప్పుడు దిగితే అప్పట్నుంచి లెక్క."

"కరెంట్ పోతే?"

"జనరేటర్ ఉంది కదన్నా."

"ఏసీ కూడా నడుస్తుందా దాని మీద?"

"ఏసీ అంటే... నడవదన్నా. ఫ్యానూ లైట్లూ."

ఆ చివరి ప్రశ్న అడక్కపోతే మే నెలలో ఒంగోలులో మధ్యాహ్నం రెండింటికి మీకే తెలుస్తుంది. నిజం చెప్పాడు కాబట్టి ఈయన్ని నమ్మొచ్చు కూడా.

చెకౌట్ ముక్క మీద ఇంకొంచెం. కొత్త హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండింటికి గదిలో దిగి మర్నాడు పదకొండింటికి ఖాళీ చేసేయాలి. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి తెల్లారుజామున దిగేవాళ్లకు ఇది నష్టం, ఎర్లీ చెకిన్ పేరుతో సగం రోజు రేటో, మొత్తం రేటో కట్టాలి. ఇరవై నాలుగ్గంటల పద్ధతి ఉన్న పాత లాడ్జి అయితే నాలుగింటికి దిగి మర్నాడు నాలుగు దాకా మీదే. విజయవాడ, చెన్నై మధ్య వందేభారత్‌లో పట్టపగలు దిగేవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు.

ఇంకా అడగాల్సినవి: మంచినీళ్లు ఎక్కడివి (క్యానా, ఆర్వోనా), వేడినీళ్లు ఎప్పుడెప్పుడు (కొన్నిచోట్ల పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకే), కారు లోపల పెట్టుకోవచ్చా రోడ్డు మీదేనా, టిఫిన్ కలిపిన రేటా కాదా. టిఫిన్ లేకుండా రేటు తగ్గిస్తే తప్పకుండా తగ్గించుకోండి. బఫేలో చల్లారిన ఇడ్లీ, బ్రెడ్డు, జామ్ తినడానికి నెల్లూరు దాకా రావాలా? వీధి చివర పెనం మీద ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి ఇచ్చే కారం దోశ ముందు నిలబడండి, ఊరి వాతావరణం అంటూ మీరు వెతికింది అక్కడే ఉంది, దానికి హోటల్‌వాడికి కట్టాల్సింది ఏమీ లేదు.

ఏడో మెట్టు: డబ్బు కట్టకముందు గది చూడండి

"రూం ఒకసారి చూపిస్తారా" అంటే ఎవరూ కాదనరు. ఐదు నిమిషాలు చాలు.

లోపలికి వెళ్లగానే ఏసీ వేయకుండా తలుపు మూసి ఒక్క నిమిషం ఉండండి. ముక్కిన వాసన వస్తుంటే గోడలో చెమ్మ ఉన్నట్టు, రూం ఫ్రెషనర్ ఘాటుగా కొడుతుంటే ఆ చెమ్మను దాచినట్టు. కిటికీ తీసి చూడండి. మెష్ ఉందా, చిరిగిందా? నెల్లూరు దోమల మీద రాష్ట్రమంతా జోకులున్నాయి, అవి జోకులు కావని సాయంత్రం ఆరింటికి తెలుస్తుంది. మెష్ లేకపోతే ప్లగ్గులో పెట్టే లిక్విడ్ ఇమ్మనండి, ప్లగ్గు పనిచేస్తుందో లేదో కూడా చూడండి.

తర్వాత కుళాయి. ఇది నా పరీక్ష, తీరం వైపు ఊళ్లలో తప్పనిసరి. అరచేతిలో నీళ్లు పట్టి సబ్బు రుద్దండి. నురగ రాకుండా చేయి జిడ్డుగా, బంకగా ఉంటే అది ఉప్పు బోరు నీళ్లు. ఒకరోజుకు ఫర్వాలేదు, మూడు రోజులు తల స్నానం చేస్తే జుట్టు తుమ్మజిగురు పూసినట్టు అవుతుంది. ఒంగోలులో వేసవిలో మున్సిపల్ నీళ్లకు కటకట, హోటళ్లు ట్యాంకర్ల మీదే బతుకుతాయి, కాబట్టి షవర్ ఒత్తిడి కూడా అప్పుడే చూసేయండి. పడమటి వైపు కనిగిరి లాంటి చోట్ల నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది, అక్కడ తాగడానికి బాటిలో ఆర్వో నీళ్లో తప్ప బాత్‌రూం కుళాయి నీళ్లు నోట్లో పోసుకోవద్దు.

దుప్పట్లు తెల్లగా ఉన్నాయా అని కాదు, దిండు గలీబు తీసి లోపల దిండు చూడండి. పరుపు అంచు ఎత్తి కుట్ల దగ్గర నల్లటి చుక్కలుంటే నల్లులు, మాట్లాడకుండా వచ్చేయండి. గది నచ్చకపోతే "ఇంకోటి చూపించండి" అనండి, మొదట చూపించేది ఎప్పుడూ ఎవరికీ పట్టని గదే.

పాత లాడ్జికి ఈ పరీక్షలన్నీ పెట్టి అద్దాల హోటల్‌కు పెట్టకపోవడం అన్యాయం. అక్కడ కూడా చేయండి. ఉప్పు నీళ్లకు గ్రానైట్ కౌంటర్ తేడా తెలియదు.

ఎనిమిదో మెట్టు: మూడు రాత్రులుంటే విడగొట్టండి

ఒకే చోట ఉండి రెండూ దొరకాలనుకునే బదులు రెండు చోట్ల ఉండండి. ముందు రెండు రాత్రులు టౌన్‌లో సౌకర్యంగా ఉన్న చోట, చివరి రాత్రి బీచ్ దగ్గరో ఊళ్లోనో. వరస ఇలాగే ఎందుకంటే, ప్రయాణం బడలికతో దిగిన మొదటి రాత్రి బావి నీళ్ల స్నానం, ఉక్కపోత ఎవరికీ నచ్చవు, విసుగంతా ఆ చోటు మీద పడుతుంది. రెండు రోజులు తిరిగి ఊరు కాస్త అలవాటయ్యాక అదే వసారాలో నవ్వారు మంచం మీద హాయిగా పడుకుంటారు. భైరవకోన లాంటి చోటికి మాత్రం సామాను మోసుకెళ్లొద్దు. కొండను తొలిచిన శివాలయాలు, పైనుంచి జలపాతం, చూడాల్సిందే, కానీ పొద్దున వెళ్లి చీకటి పడకుండా బస ఉన్న ఊరికి వచ్చేయండి.

ఇదే లెక్క మనం బయటికి వెళ్లినప్పుడూ పనిచేస్తుంది. కారైకుడి వైపు చెట్టియార్ల పాత భవంతుల్లో గదులిస్తారు, పుదుచ్చేరిలో ఫ్రెంచి వీధుల ఇళ్లున్నాయి. అక్కడ ఇల్లే చూడాల్సిన చోటు, కాబట్టి ఒక రాత్రికి కాస్త ఎక్కువ పెట్టినా దండగ కాదు, పగలంతా ఆ ఇంట్లోనే ఉండండి మరి. చెన్నైకో వేలూరుకో ఆసుపత్రి పని మీద వెళ్తుంటే మాత్రం పాత ఇల్లు, ముంగిలి ఏమీ వద్దు, ఆసుపత్రికి నడిచిపోయేంత దూరంలో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకోండి. పేషెంటుకు రసం అన్నం వండుకోగలగడం కంటే పెద్ద సౌకర్యం అప్పుడు ఉండదు.

తొమ్మిదో మెట్టు: ఆధార్, బిల్లు

ఆధార్ జిరాక్స్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, ఆధార్ సైటులో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వండి.

జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి మారింది. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 12 శాతం ఉన్నది 5 శాతం అయింది. ఆపై గదులకు 18 శాతం. మన రెండు జిల్లాల్లో దాదాపు అన్నీ మొదటి రకమే. ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తే చూపించి అడగండి. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్న చిన్న లాడ్జికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అక్కడ నేరుగా దిగితే పన్ను ఉండదు, అదే గదిని యాప్‌లో బుక్ చేస్తే పన్ను పడుతుంది. పాత లాడ్జికి నేరుగా ఫోన్ చేయమని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జి వేస్తే తీసేయమనండి, అది బలవంతంగా వసూలు చేయకూడదని 2022లోనే వినియోగదారుల అథారిటీ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ డబ్బు మిగిలితే రూంబాయ్ చేతిలో పెట్టండి, నేరుగా.

గది ఖాళీ చేశాక రైలుకు టైముంటే "బ్యాగులు కౌంటర్ దగ్గర పెట్టుకోవచ్చా" అని అడగండి, పాత లాడ్జి అయినా కొత్త హోటల్ అయినా సాధారణంగా కాదనరు. ఆ రెండు గంటల్లో ఒంగోలు అయితే అల్లూరయ్య మైసూర్‌పాక్, నెల్లూరు అయితే మలై కాజా కొనుక్కోండి. కాజా మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించుకోండి, అట్టపెట్టెలో ఇస్తే పాకం కారి బ్యాగులో బట్టలన్నీ జిగటైపోతాయి.